ఫోర్ వీల్ లైటు మినుకుమంటే ముందుగా మోటార్ మార్చం

ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు నడిపే మా ఖాతాదారులకు నమస్కారం.

నాబ్ తిప్పితే 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే మామూలు గేరు) లైటు మినుకుమంటోందని వచ్చే ఏ బండికైనా ఇక మీదట వైరింగ్ పరీక్ష పూర్తయ్యాకే షిఫ్ట్ మోటార్ (రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు మార్చే మోటార్) సంగతి మాట్లాడతాం. ఖర్చు ఫోన్‌లో చెప్పం. పరీక్షకు విడిగా 1,500 రూపాయలు తీసుకుంటాం, బండి ఒక రోజంతా మా దగ్గర ఉండాలి. చెరువుకు మేత చేరవేసే బండి ఒక రోజు ఆగితే ఎంత ఇబ్బందో మాకు తెలుసు. ఈ మార్పుతో కొందరు వేరే షెడ్డుకు వెళ్తారనీ తెలుసు. అయినా చేస్తున్నాం. ఎందుకంటే కొత్త మోటార్ వేయించుకుని, మళ్లీ అదే లైటుతో మా దగ్గరికి వస్తున్న బండ్లు ఎక్కువయ్యాయి. ఆ డబ్బు వృథా కావడం చూస్తే మాకు బాధగా ఉంది.

అసలు ఆ లైటు ఏం చెబుతోంది? మీరు తిప్పే నాబ్ నేరుగా ఏ గేరునూ కదపదు, కంట్రోల్ యూనిట్‌కు కబురు మాత్రమే పంపుతుంది. ఆ యూనిట్ బండి వేగాన్నీ బ్యాటరీ వోల్టేజినీ చూసుకుని, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) మీద ఉన్న మోటార్‌కు కరెంటు ఇస్తుంది. మోటార్ ఎంత తిరిగిందో దానిలోని సెన్సార్ చెప్పాలి, ముందు యాక్సిల్ కలిసిందో లేదో అక్కడి స్విచ్ చెప్పాలి. అనుకున్న సమయంలోగా ఆ జవాబు రాకపోతే లైటు మినుకుమంటూనే ఉంటుంది. జవాబు రాకపోవడానికి మోటార్ ఒక కారణం కావచ్చు. ఫ్యూజ్, రిలే, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), స్విచ్, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి) కూడా కావచ్చు. స్కానర్ చూపించే కోడ్ లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో చెబుతుంది, అందులో ఏది చెడిందో మనమే వెతకాలి.

ఈమధ్య కోనసీమ నుంచి రొయ్యల చెరువుల మీద తిరిగే పికప్ ఒకటి వచ్చింది. అప్పటికే ఇంకోచోట మోటార్ మార్చారు, లైటు మినుకు మాత్రం ఆగలేదు. ఎర్త్ వైరుకు మీటర్ పెడితే బీప్ మోగుతోంది, అంటే వైరు తెగలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బీప్ పరీక్షలో మీటర్ పంపేది అతి చిన్న కరెంటు, వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది దాటిపోతుంది. మోటార్ తిరగడానికి కావలసిన కరెంటు ఆ దారిలో పట్టదు. అందుకే మేం మోటార్‌కు కరెంటు అందుతున్న ఆ క్షణాల్లోనే, దాని ఎర్త్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజి కొలుస్తాం. అది 0.2 వోల్టులు దాటకూడదు. ఈ బండిలో 3 వోల్టుల పైనే పోతోంది! ఛాసిస్‌కు ఎర్త్ బిగించిన బోల్టు విప్పితే లగ్గు (వైరు చివరి లోహపు రింగు) కింద ఉప్పునీటి తుప్పు పొర కట్టి ఉంది. ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశాం. 4హెచ్ వెంటనే పడింది. ఆ రైతు తీసేసిన పాత మోటార్‌ను సంచిలో వెంట తెచ్చారు. బల్ల మీద పెట్టి కరెంటు ఇస్తే రెండు వైపులా చక్కగా తిరిగింది.

మారేడుమిల్లి ఘాట్ వైపు నుంచి వచ్చే బండ్ల కథ వేరు. వాగు దాటేటప్పుడు కప్లర్లలోకి నీళ్లు చేరతాయి, గేర్‌బాక్స్ మీద వైరింగ్ ఒరుసుకుని పై తొడుగు పోతుంది. కొన్ని మోడళ్లలో ముందు యాక్సిల్ వాక్యూమ్‌తో కలుస్తుంది. అక్కడ రబ్బరు గొట్టం చిట్లినా కరెంటు లోపంలాగే కనిపిస్తుంది. షెడ్డులో నిలిపి ఉంచే బండ్లకు ఎలుకల బెడద సరేసరి.

తోటి ఎలక్ట్రీషియన్లకు ఒక విన్నపం. టెస్ట్ ల్యాంప్ సూదిని వైరులోకి గుచ్చకండి. ఆ రంధ్రంలోంచి తేమ దిగి, రాగి పోగుల వెంట పచ్చటి చిలుము పాకుతుంది. కొన్నాళ్లకు పైకి బాగానే కనిపిస్తూ లోపల పొడిగా మారిన వైరు మిగులుతుంది. కప్లర్ వెనక వైపు నుంచి సన్నటి పిన్నుతో కొలవండి.

అన్ని మినుకులూ రిపేరు కావు. పికప్‌లలో ఎక్కువ వాటికి 4ఎల్ (నాలుగు చక్రాలతో నెమ్మదిగా, బలంగా లాగే గేరు) పడాలంటే బండి పూర్తిగా ఆగి, న్యూట్రల్‌లో ఉండాలి. గేరు పళ్లు ఎదురెదురుగా పడితే ఒక్కోసారి కలవవు, కొద్ది మీటర్లు ముందుకో వెనక్కో కదిపితే సరిపోతుంది. పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిప్పితే బిగుసుకుపోయి 2హెచ్‌కు (రెండు చక్రాలకే శక్తి అందే గేరుకు) రానని మొరాయిస్తుంది. ముందు వెనక టైర్ల అరుగుదలలో బాగా తేడా ఉన్నా ఇదే గొడవ. ఇలాంటివి తేలితే పరీక్ష డబ్బు తీసుకోం.

బండి తెచ్చే ముందు అడుగుభాగాన్ని ప్రెషర్ నీటితో కడిగించకండి, తుప్పు ఆనవాళ్లు పోవడమే కాక నీళ్లు కొత్త చోట్లకు చేరతాయి. కోడ్‌లు చెరిపించకండి. లైటు ఎప్పుడు వస్తోందో, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వానలో తడిశాకా అన్నది కాగితం మీద రాసి తెండి. మార్చిన ప్రతి భాగాన్నీ మీకే ఇచ్చేస్తాం. వానలు ముదిరేలోపు ఘాట్ మీద తిరిగే బండ్లను ముందుగా చూస్తున్నాం. చెరువుల బండ్లవారు పట్టుబడి (రొయ్యలు పట్టే) తేదీ ముందే చెబితే, ఆ రోజుల్లో బండి మీ దగ్గరే ఉండేలా సర్దుతాం.