బీడులో మొక్కల లెక్కతో పాటు మట్టి లెక్క

సంపాదకులు గారికి,

అనంతపురం వైపు వేరుశనగ మానేసి బీడు పెట్టిన ఎర్రనేలల్లో మొక్కలు నాటిస్తున్నారు. ఎన్ని నాటారో, ఎన్ని బతికాయో కాగితం మీదికి వస్తుంది. వాటి కింద నేల ఏమైందన్నది అరుదుగా వస్తుంది.

ఏళ్ల తరబడి దున్నిన ఈ నేలల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా 0.5 శాతం లోపే. దుక్కి ఆగి, రాలిన ఆకు, చచ్చిన వేరు అక్కడే మాగితే అది మెల్లగా పెరుగుతుంది. అదీ ముందు పై 10–15 సెంటీమీటర్లలోనే. మొదటి రెండు మూడేళ్లు పెరక్కపోగా తగ్గవచ్చు కూడా. జేసీబీ కందకాలతో సారం లేని అడుగు మట్టి పైకొస్తుంది, కదిలిన మట్టికి గాలి తగిలి ఉన్న కర్బనమూ పోతుంది, లేత మొక్క రాల్చే ఆకేమో పిడికెడు. పైగా కలుపు పేరుతో వరుసల మధ్య ఏటా ట్రాక్టర్ తోలితే బీడు పెట్టిన ఫలమే ఉండదు. ఆ గడ్డిని కోసి పాదుల్లో పరిస్తే చాలు.

చెట్టు ఎంపికా ముఖ్యమే. నీలగిరి ఆకు త్వరగా కుళ్లదు. సుబాబుల్ వేరుబుడిపెలు నత్రజని ఇస్తాయి గానీ, మూడు నాలుగేళ్లకోసారి కర్ర కొట్టి లారీకెత్తితే పొటాష్, కాల్షియం కూడా దాంతోపాటే పోతాయి. చైనాలో గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టితో ఏర్పడిన లోయెస్ పీఠభూమిలో 1999 నుంచి వాలు పొలాలను సాగు మాన్పించి చెట్లు, గడ్డి పెంచారు. అక్కడ విస్తారంగా నాటిన రోబినియా అనే చెట్టు పైమట్టిలో కర్బనం పెంచింది. లోతు పొరల తేమను మాత్రం వాన పూడ్చలేనంతగా పీల్చేసింది. మనకు పడేదీ ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. గట్ల మీద తంగేడు, రేగు మోళ్లు మిగిలి ఉంటే మేత ఆపి వాటిని లేవనిచ్చి, మధ్యలో వేప, కానుగ పలచగా నాటడమే మేలు.

మట్టి నమూనాకు రాలిన ఆకు పక్కకు తీసి, ఎకరాకు 8–10 చోట్ల ‘వి’ ఆకారపు గుంత తీయాలి. 15 సెంటీమీటర్ల లోతు వరకు అంచు మట్టిని అంగుళం మందాన చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి ఉంచుకుంటూ అరకిలోకు తేవాలి. ఎరువుల సంచి వాడకూడదు. పక్కన సాగులో ఉన్న పొలం నుంచీ అదే నెలలో తీయకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

శాతం ఒక్కటే చూసినా మోసపోతాం. నేల గుల్లబారితే ఘనపు సెంటీమీటరు మట్టి తూకం తగ్గుతుంది. సాగు నేల 0.4 శాతం, తూకం 1.5 గ్రాములు అనుకుంటే 15 సెంటీమీటర్ల లోతుకు హెక్టారుకు 9 టన్నుల కర్బనం. చెట్ల కింద 0.6 శాతం, 1.35 గ్రాములైతే 12.15 టన్నులు. శాతంలో సగం పెరిగినట్టు కనబడినా, నిజంగా పెరిగింది 35 శాతమే. కాబట్టి కొలత తెలిసిన ఇనుప గొట్టం దిగ్గొట్టి మట్టి తీసి, ప్రయోగశాల ఓవెన్‌లో ఆరబెట్టి తూచాలి.

ప్రయోగశాల దూరమైతే రెండు చోట్ల ఎండు పెళ్లలు తెచ్చి గ్లాసు నీళ్లలో వేయండి. దున్నిన చేని పెళ్ల త్వరగా బురదవుతుంది. వేళ్లు అల్లుకున్న మట్టి చాలాసేపు నిలుస్తుంది.

– ఒక భూసార పరీక్షకుడు, అనంతపురం