అత్తగారి రిపోర్టు

ఒరేయ్ కత్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు కాస్త నయం, చెల్లి గుంటూరుకు బదిలీ చేయించుకుంది, నేను బతికే ఉన్నాను. ఇంక అసలు సంగతి విను, ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది.

మొన్న మా ఊళ్లో రక్తపరీక్షల ల్యాబ్ నుంచి ఫోన్. "సార్, కొంప మునిగింది, అరవై రెండేళ్ల పెద్దావిడకి గర్భం అని రిపోర్టు వెళ్లింది" అని. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే! పరీక్షేమో కోడలిది. ఇంటికంతా ఒకటే ఫోను, ఆ పిల్ల ఆ నంబరే ఇచ్చింది, కౌంటర్ కుర్రాడు నంబర్ కొట్టగానే అత్తగారి పేరూ వయసూ వచ్చి కూర్చున్నాయి, రద్దీలో వాడు చూసుకోలేదు. మామగారు ఆ కాగితం పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడ్డాడట. పడీపడీ నవ్వాను. తర్వాత, ఇదే బ్లడ్ గ్రూపు రిపోర్టయి ఉంటే... నవ్వు ఆగిపోయిందిరా.

కుర్రాణ్ణి ఏమనడానికీ లేదు. పేషెంట్ టేబుల్‌కి ఫోన్ నంబర్నే ప్రైమరీ కీ, అంటే ఒక్కొక్కరినీ గుర్తుపట్టే ఏకైక ఆనవాలు, చేసిన మహానుభావుణ్ణి నేను. అప్పుడెంత తెలివిగా అనిపించిందో! ఒక నంబరుకి ఒకడే మనిషి అని నేనే రాసిచ్చాక డేటాబేస్ రెండోవాణ్ణి ఎందుకు రానిస్తుంది? ఇంకో వింత, ఫోన్ లేనివాళ్లకి కుర్రాళ్లు పది తొమ్మిదులు కొట్టేసి పేరు దిద్దేవాళ్లట. దిద్దినప్పుడల్లా పాత రిపోర్టుల మీదా కొత్త పేరే. ఊళ్లో ఫోన్ లేని ముసలాళ్లంతా కలిసి ఒక్క మనిషైపోయారు.

రాత్రి కూర్చుని ఈఆర్ బొమ్మ, అదే డేటాబేస్‌లో ఎవరెవరున్నారో, వాళ్ల మధ్య సంబంధాలేమిటో చూపే పటం, మళ్లీ మొదటినుంచి గీశాను, సంబంధాలకి వేసే డైమండ్లు, అదే నీ కాజూ కత్లీలతో సహా. నువ్వు పరీక్షలో వాటికి వెండిరేకు షేడింగ్ వేస్తే మేడమ్ మొహం గుర్తుందా? పీటర్ చెన్ 1976లో ఆ పద్ధతి రాసింది ముందు ఎవరు ఎవరో, ఎవరికి ఏం సంబంధమో తేల్చుకోమని. మనమేమో మార్కుల కోసం డైమండ్లు దిద్దాం. ఇప్పుడు మనిషికి ఏ అర్థమూ లేని వరస నంబర్, ఫోన్లకి వేరే టేబుల్, ఎవరిది ఏ ఫోనో చెప్పడానికి మధ్యలో మూడోది. ఒక ఫోనుకి ఐదుగురున్నా, ఒకడికి రెండు ఫోన్లున్నా దిగుల్లేదు.

పేరూ వయసూ రిపోర్టులో కూడా విడిగా దాచాను. డేటాబేస్ సిద్ధాంతకర్త కాడ్ గారి నార్మల్ ఫారాలు, అంటే సమాచారం అనవసరంగా రెండుసార్లు రాయకుండా చూసే నియమాలు, బట్టీ కొట్టిన చెయ్యి కదా, ఒకే సమాచారం రెండు చోట్ల రాయడానికి ముందు ఒప్పుకోలేదు. కానీ రేపు ఆ పిల్ల ఇంటిపేరు మార్చుకుంటే నిన్నటి రిపోర్టు మారకూడదుగా. అది ఆ రోజు నాటి పేరు, ఆ రోజు నాటి వయసు, అలాగే ఉండాలి. నువ్వు ఒప్పుకోవని తెలుసు, రాయి, కొట్లాడదాం.

అసలు తలనొప్పి పాత డేటా. కలిసిపోయినవాళ్లని విడదీయాలంటే బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలే గతి, నాలుగు అట్టపెట్టెలున్నాయట, వాటిని ముందు తేదీల వారీగా... ఉండు, ల్యాబ్ నుంచి ఫోన్. అత్తాకోడళ్లిద్దరూ కలిసి వచ్చారట, నన్ను రమ్మంటున్నారు. వెళ్తున్నా,

నీ బ్యాక్‌లాగ్