రక్షణ ఫండ్‌లో డబ్బు పెట్టాలా అని అడిగావు

చి. స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. ఆపరేషన్ సిందూర్ వార్తలు చూశాక మనసు ఆగక, ఇక్కడి రక్షణ రంగ మ్యూచువల్ ఫండ్‌లో పది లక్షలు పెడదామనుకుంటున్నానని రాశావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

మార్కెట్లో క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ భారత్ డైనమిక్స్ షేరు కొంటే, నువ్వయినా నీ ఫండయినా, ఆ డబ్బు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని దాని ఫ్యాక్టరీకి చేరదు. ఆకాశ్ క్షిపణికి అసలే చేరదు. ఆ షేరు అమ్మినవాడి జేబులో పడుతుంది, వాడేమో మంచి ధర వచ్చిందని దిగిపోతున్నవాడు! 2018లో ఆ కంపెనీ పబ్లిక్ ఇష్యూకి వచ్చినప్పుడు కూడా అమ్మింది ప్రభుత్వ వాటానే, డబ్బు ఖజానాకు వెళ్లింది. పైగా రక్షణ ఆర్డరుకు సరుకు అప్పజెప్పడానికి ఏళ్లు పడుతుంది, లాభం ఆ తర్వాతే లెక్కకొస్తుంది. షేరు ధర మాత్రం వార్త వచ్చిన పూటే ఎగురుతుంది. నువ్వు కొనేది ఆ ఎగిరిన ధరకి.

నీకు ఇంకో చిక్కు ఉంది. డల్లాస్‌లో ట్యాక్సు కట్టేదానివి కాబట్టి ఇండియా మ్యూచువల్ ఫండ్లను అక్కడ 'పీఎఫ్‌ఐసీ' కింద, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీలుగా, చూస్తారు. సాధారణంగా ఒక్కో ఫండుకీ అక్కడి పన్ను శాఖ ఫారం 8621 విడిగా నింపాలి, పన్ను లెక్క కూడా మామూలు షేర్ల కంటే కఠినం. లాభం కంటే అక్కడి ఆడిటర్ (సీపీఏ) ఫీజే ఎక్కువయ్యేలా ఉంటుంది.

దేశం కోసమని అప్పిచ్చినా షరతుల కాగితం చదవాల్సిందే. 1962 చైనా యుద్ధంలో ప్రభుత్వం బంగారం తీసుకుని, 1977లో తీరేలా ఆరున్నర శాతం గోల్డ్ బాండ్లు ఇచ్చింది. పది గ్రాములకు కట్టిన వెల 53 రూపాయల 58 పైసలు. అది అంతర్జాతీయ ధర, మన బజార్లో అప్పటికే రెట్టింపు పలుకుతోంది. అంటే అసలు విలువ మీద వడ్డీ మూడుంపావు శాతం. గడువు తీరాక చేతికొచ్చింది రూపాయలే, అప్పటికి పది గ్రాములు నాలుగు వందలు దాటింది. 1965 యుద్ధంలో ఇచ్చిన నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో వడ్డీ పది గ్రాములకు ఏడాదికి రెండు రూపాయలే, కానీ 1980లో బంగారానికి బంగారమే వెనక్కిచ్చారు. దేశభక్తి రెండుసార్లూ ఒకటే, తేడా అంతా షరతుల్లో ఉంది. గాజులు తీసి రక్షణ నిధికిచ్చిన ఆడవాళ్ల సంగతి వేరు, వాళ్లు తిరిగి రాదని తెలిసే ఇచ్చారు.

1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చినప్పుడు నీలాంటి ప్రవాసులనే అడిగారు. ఎస్‌బీఐ అమ్మిన రిసర్జెంట్ ఇండియా బాండ్లకు 400 కోట్ల డాలర్ల పైనే వచ్చాయి. 'మాతృభూమి' అన్న మాట బాగానే వినిపించింది, కానీ డాలర్ బాండు మీద 7.75 శాతం కూడా ఇచ్చారు. అమెరికా ప్రభుత్వ ఐదేళ్ల బాండు మీద వడ్డీ అప్పుడు ఐదున్నర శాతానికి అటూ ఇటుగా ఉండేది. డాలర్లలో పెట్టినవాళ్లకు 2003లో డాలర్లలోనే ముట్టాయి, రూపాయి పడిపోతే ఆ నష్టం వాళ్లది కాదు. అలాంటిది మళ్లీ వస్తే చెప్పు, ఏ కరెన్సీలో తిరిగిస్తారు, మధ్యలో తీసుకోవచ్చా, మారకం నష్టం ఎవరిది అన్న మూడూ చూసి నేనే పెట్టమంటాను.

ఇప్పటికి ఆ ఫండ్ ఫారం పక్కన పెట్టు. నీ మనసు తీరాలంటే ఇక్కడి నీ ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల రూపాయి) ఖాతాలోంచి నేషనల్ డిఫెన్స్ ఫండ్‌కి ఇవ్వగలిగినంత పంపు, పది లక్షలు అక్కర్లేదు. ఇక్కడి పాత పన్ను విధానంలో నూరు శాతం మినహాయింపు ఉంది, కొత్త దాంట్లో లేదు. అక్కడి ట్యాక్సులో మాత్రం ఏమీ తగ్గదు, ముందే తెలుసుకుని పంపు. రసీదు మీద పాన్ నంబరు సరిగ్గా పడిందో లేదో చూసి నాకు పెట్టు, నీ ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్‌కి ఇస్తాను.

అల్లుడిని అడిగానని చెప్పు.

నాన్న