నీ గీతలు అటు, నా గీతలు ఇటు

ఒరేయ్ పుర్రచేతోడా,

ఎలా ఉన్నావు? ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. పైగా నీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. అది చివర్లో చెబుతాను, ఇప్పట్నుంచే తిట్టడం మొదలుపెట్టకు.

మొన్న అటక సర్దుతుంటే మన కాలేజీ నాటి బొమ్మల కట్ట కిందికి దిగింది. గుర్తుందా, రెండు అట్టల మధ్య పెట్టి బూటు నాడాతో కట్టింది? ఆ ముడి ఎంత బిగుసుకుపోయిందంటే చివరికి కత్తెర పెట్టాల్సి వచ్చింది. విప్పగానే చేతులు నల్లబడ్డాయి. పాతికేళ్లయినా ఆ బొగ్గుపొడికి నా మీద ప్రేమ తగ్గలేదు.

న్యూస్‌ప్రింట్ మీద గీసినవన్నీ గోధుమరంగుకి తిరిగిపోయాయి. అంచు పట్టుకుంటే ఎండుటాకులా విరిగి చేతిలోకొస్తోంది. ఆ కాగితంలో కలపలోని లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది కదా, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపెక్కి, పులిసి, కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుంది. మందపాటి డ్రాయింగ్ కాగితం, ఆ కార్ట్రిడ్జ్ షీట్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. అసలు బాధ ఏంటంటే, మార్కుల కోసం బిక్కుబిక్కుమంటూ గీసినవేమో ఆ మంచి షీట్ల మీద ఉన్నాయి. ఏముందిలే అని చెయ్యి వదిలేసి గీసినవన్నీ ఆ చవక కాగితం మీద.

మొదటి సంవత్సరం బొమ్మలు చూసి ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను. కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగానికి వస్తాయిరా అని మాస్టారు మొత్తుకునేవారు. నా మనుషులందరికీ కళ్లు నుదుటి మీదే! నిలబడ్డ మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉండాలా, నా వాళ్లు ఐదున్నర దగ్గరే ఆగిపోయారు. ఇక పాదాల సంగతి అడక్కు. మోకాళ్ల దాకా వచ్చేసరికి కాగితం అయిపోయేది. అయిపోయేదో, నేనే అయిపోయేలా చూసుకునేవాణ్ణో! చేతులు కూడా అంతే, ఒక్కడివీ కనపడవు. అందరూ వెనక్కి కట్టుకున్నవాళ్లే. వస్తువులు ముందు పెట్టుకుని గీసే స్టిల్ లైఫ్‌లో కూజా మూతి బాదంగింజలా రెండు కొసలు తేలి ఉంది, అడుగేమో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. కంటి మట్టానికి కిందికి పోయేకొద్దీ ఆ చుట్టు ఇంకా విప్పారాలని నాకెప్పుడు తలకెక్కిందో గానీ, ఆ షీట్ నాటికి మాత్రం ఎక్కలేదు.

ఒక షీట్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. కూర్చున్న మోడల్ బొమ్మ. నేను మోకాలి మీద గంటసేపు కుస్తీ పట్టినట్టున్నాను, అక్కడ కాగితం నూగు లేచి బొచ్చు బొచ్చుగా ఉంది. దాని పక్కన, ఖాళీ మూలలో, అగ్గిపెట్టంత జాగాలో మాస్టారు గీసిన మోకాలు. మూడే గీతలు. తొడ కిందికి దిగే గీత ఒకటి, మోకాలిచిప్ప మీద చిన్న వంపు ఒకటి, పిక్క మొదలయ్యే చోట ఒత్తి వదిలేసిన గీత ఒకటి. ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడ జారుతోందో అంతా అందులోనే ఉంది. ఆయన మన బొమ్మ మీద ఎప్పుడూ చెయ్యి పెట్టేవారు కాదు చూడు, పక్కనే గీసి ఏమీ అనకుండా తర్వాతి ఈజిల్ దగ్గరికి వెళ్లిపోయేవారు. అప్పట్లో నాకు ఒళ్లు మండేది. మొన్న ఆ మూడు గీతల మీదా వేలు పెట్టి, కాగితానికి తగలకుండా, ఆయన చెయ్యి ఎలా తిరిగి ఉంటుందో చూసుకున్నాను.

రెండు నిమిషాల పోజులు గుర్తున్నాయా? గడియారం పట్టుకుని "మార్చండి" అనగానే షీట్ తిప్పేసేవాళ్లం. అవి అసలు బొమ్మలనే అనుకోలేదు, చెయ్యి సాగడానికి చేసే కసరత్తనుకున్నాం. ఇప్పుడు చూస్తే బతికున్నవి అవే. తల ఒక సున్నా, వెన్ను ఒక ఊపు, బరువు మోసే కాలు నల్లగా, రెండోది ఉందో లేదో. అయినా ఆ మనిషి వాలుతున్నాడని తెలుస్తుంది. అదే మోడల్‌ని మూడు రోజులు కూర్చోబెట్టి షేడింగ్ చేసింది చూస్తే చెక్కబొమ్మలా ఉన్నాడు పాపం.

ఇంకో తమాషా. రాత్రి కరెంటు పోతే టార్చి వేసుకుని చూస్తున్నాను. పక్కవాటంగా వెలుతురు పడేసరికి ఒక తెల్లటి షీట్ మీద మొహం తేలింది! నేను గట్టి ములుకున్న 4హెచ్ పెన్సిల్‌తో కసిగా ఒత్తి గీసి, తర్వాత చెరిపేసిన బొమ్మ. రబ్బరుకి పెన్సిల్ పొడి పోయింది గానీ గాడి పోలేదు. ఎవరి మొహమో నీకు చెప్పనక్కర్లేదు. అవును, ఆవిడే. నోర్మూసుకో.

ఇంట్లో వాళ్లు "ఇవన్నీ పారేద్దామా?" అన్నారు. మైకెలాంజెలో కూడా 1564లో పోయేముందు తన బొమ్మలు చాలావాటిని తగలబెట్టేశాడని, ఆ కాలంలో చిత్రకారుల జీవితాలు రాసిన వసారి రాశాడు కదా, తన కష్టం లోకానికి కనపడకూడదని. నేనూ ఒక్క క్షణం ఆ లెవెల్లో ఆలోచించాను. కానీ నా కష్టం చూడ్డానికి లోకం వచ్చి గుమ్మంలో నిలబడిందా ఏమన్నానా?

సరే, అసలు విషయం. కుర్చీలో అటు తిరిగి కూర్చున్న మోడల్ వీపు, చార్కోల్ పెన్సిల్‌తో గీసింది. మా గదిలో ఫ్రేము కట్టి ఉంటుంది, నువ్వూ చూసి "బాగా గీశావురా" అన్నావు. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి తీసుకెళ్లింది అదే. అక్కడ మిగతావి గబగబా తిప్పేసి దాని దగ్గర ఆగారు. ఆ బొమ్మే నాకు ఉద్యోగం ఇప్పించిందని పదిమందికి చెప్పుకున్నాను కూడా. కట్టలోని నా వీపుల పక్కన పెట్టి చూద్దామని మొన్న దాన్ని ఫ్రేములోంచి తీశాను. నా షేడింగ్ గీతలన్నీ పైన కుడివైపు నుంచి కింద ఎడమవైపుకి వాలి ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పకుండా. ఇందులో మాత్రం పైన ఎడమ నుంచి కింద కుడికి.

నీలాగే పుర్రచేతోడైన లియొనార్డో గీతలు కూడా అలాగే వాలతాయని, ఆయన చేతిపని గుర్తుపట్టడానికి పండితులు చూసేవాటిలో అదొకటని విన్న రోజు నీకు గుర్తుందా? కళాచరిత్ర క్లాసులో నువ్వు మేలుకుని ఉన్నది ఆ ఒక్కరోజే. ఆ తర్వాత వారం రోజులు మాతో మాట్లాడలేదు, అంత గొప్ప అయిపోయావు.

కాగితం అడ్డంగా తిప్పి గీశానేమో అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కానీ ఎడమవైపు అంచు కింద చిటికెనవేలి పక్క మసి అంటుకుని ఉంది, చెయ్యి ఆనించి గీసిన జాడ. నా షీట్లలో ఆ మసి ఎప్పుడూ కుడివైపే. టర్మ్ చివర బోర్డులు ఖాళీ చేసే హడావిడిలో నీ షీట్ నా కట్టలోకి వచ్చేసినట్టుంది. సంతకం పెట్టే అలవాటు మనిద్దరికీ లేదు కదా.

కాబట్టి ఆ ఉద్యోగం నీది రా. జీతం మాత్రం అడక్కు, ఖర్చయిపోయింది.

బొమ్మ పంపమంటావా, సంతకం పెట్టడానికి నువ్వే వస్తావా? ఈలోగా నీ కట్ట కూడా విప్పి చూడు. మన ఇద్దరివీ కలిసిపోయాయంటే నావి కూడా అక్కడ రెండో మూడో ఉండాలి. పాదాలు లేకుండా ఉన్నవి ఏమైనా ఉంటే అనుమానమే అక్కర్లేదు.

ఉంటాను,
నీ కుడిచేతోడు