వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఇక్కడ ఎక్కువ చోటు సైన్స్ విభాగానికే ఇస్తున్నాం, ఏడాదంతా అందరూ అడిగింది దాని గురించే.

విభాగం ఈసారి ఎత్తుకున్న ప్రశ్న: వస్తువును ఒక్క వైపు నుంచే చూసి దాని పూర్తి ఆకారం ఎలా పసిగడుతున్నాం? కంటి వెనక తెర, అంటే రెటీనా మీద పడేది బల్లపరుపు బొమ్మే. దానికి సరిపోయే త్రీడీ ఆకారాలు లెక్కలేనన్ని. "రెండు కళ్ళున్నది అందుకే కదా మాస్టారూ" అన్నారొకరు. ఒక కన్ను మూసి ఎదురుగా ఉన్న కుర్చీని చూడమన్నాం. కుర్చీ కుర్చీలాగే కనిపించింది.

అక్కడ అక్కరకొచ్చేది సౌష్ఠవం, అదే సిమ్మెట్రీ. కుర్చీ కుడి కాలి నుంచి ఎడమ కాలికి, కుడి చేతి మొన నుంచి ఎడమ చేతి మొనకి గీతలు గీస్తే అన్నీ సమాంతరంగా పోతాయి. ఈ జతలు దొరికితే ఒక్క ఫొటో రెండు ఫొటోల పని చేస్తుందని వెటర్, పోజియో అనే పరిశోధకులు 1994లో చూపించారు. అయినా ఒక చిక్కు మిగులుతుంది. అదే బొమ్మకు సరిపడే సౌష్ఠవ ఆకారాలు ఇంకా ఒక వరుస ఉంటాయి, కొన్ని సాగినట్టు, కొన్ని నొక్కుకుపోయినట్టు. వాటిలో తక్కువ ఉపరితలంతో ఎక్కువ ఘనపరిమాణం ఉన్నదాని వైపు మన చూపు మొగ్గుతుందని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జిగ్మంట్ పిజ్లో బృందం వాదన.

పిల్లలకు బాగా పట్టింది పాస్‌పోర్ట్ ఫొటో సంగతి. సరిగ్గా ఎదురుగా తీస్తే ముక్కు ఎంత ముందుకొచ్చిందో ఈ లెక్కతో తేలదు. పక్క నుంచి తీస్తే ఒక సగం రెండో సగాన్ని కప్పేస్తుంది. కాస్త ఏటవాలుగా తిరిగితేనే లాభం. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు "కొంచెం అటు తిరగండమ్మా" అనడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి గానీ, ఈ లెక్క కూడా దాంతో కలుస్తోంది.

టేబుల్ మీద ఏటికొప్పాక లక్క బొమ్మలు పెట్టాం. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కేవి కాబట్టి అంచు గీత ఒక్కటి కనిపిస్తే మిగతాది తెలిసిపోతుంది. సౌష్ఠవమేమీ లేకుండా వంకరటింకరగా మెలిపెట్టిన తీగను కొంచెం తిప్పి చూపిస్తే మాత్రం చాలామంది ఇందాకటిదేనని పోల్చుకోలేదు. 1987లో రాక్, డివిటా అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో తేలిందీ ఇదే.

జపాన్ గణితవేత్త కొకిచి సుగిహారా వీడియోకి మాత్రం హాలంతా గోల. ముందు నుంచి గుండ్రంగా ఉన్న గొట్టాలు వెనక అద్దంలో చతురస్రంగా కనిపిస్తాయి. నిజానికి వాటి పై అంచు ఎత్తుపల్లాలుగా వంగి ఉంటుంది. మనమేమో సమంగా కోసిన అంచే అనుకుంటాం.

ఖర్చులో పెద్దది ప్రొజెక్టరు అద్దె. సొంతంగా కొందామన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. చందా బాకీ ఉన్నవారు ఆలోపే కోశాధికారికి కట్టాలి. బాకీ ఉంటే ఓటు లేదు.

— కార్యదర్శి