శుక్రవారం భోజనాల నిలుపుదల గురించి మా కస్టమర్లకు వివరణ (2013 ఆగస్టు)

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో నార్‌ఫోక్, వర్జీనియా బీచ్, చెసపీక్, పోర్ట్స్‌మత్ ప్రాంతాల్లోని మా కస్టమర్లందరికీ నమస్కారం.

జూలై రెండో వారం నుంచి శుక్రవారం మధ్యాహ్న భోజనం డబ్బాలు ఎందుకు ఆపేశామని, ఇడ్లీ పిండి వారానికి రెండుసార్లే ఎందుకు రుబ్బుతున్నామని చాలామంది అడుగుతున్నారు. వంటాయన మానేశారని కొందరు, దుకాణం అమ్మకానికి పెట్టామని మరికొందరు అనుకుంటున్నట్టు కూడా మా దృష్టికి వచ్చింది. ఆ రెండూ నిజం కావు. నార్‌ఫోక్ నౌకాదళ స్థావరంలోను, దాని అనుబంధ కార్యాలయాల్లోను పనిచేసే సివిలియన్ ఉద్యోగులకు జూలై 8 నుంచి వారానికి ఒక రోజు చొప్పున ఫర్లో, అంటే జీతం లేని నిర్బంధ సెలవు, మొదలైంది. మా దగ్గర భోజనం తీసుకునేవారిలో ఎక్కువమందికి ఆ సెలవు శుక్రవారమే పడింది. వారం జీతంలో అయిదో వంతు పోయినప్పుడు మిగిలిన నాలుగు రోజులూ ఇంటి నుంచే పెరుగన్నం తెచ్చుకోవడం ఎవరికైనా సహజం కాబట్టి, ఆ రోజుల్లో కూడా డబ్బాలు బాగా తగ్గాయి.

ఈ ఫర్లోకు మూలం 2011 ఆగస్టు 2న అమలులోకి వచ్చిన బడ్జెట్ నియంత్రణ చట్టంలో ఉంది. ప్రభుత్వ రుణ పరిమితిని పెంచే విషయంలో ఆ వేసవిలో రెండు పార్టీల మధ్య జరిగిన పెనుగులాట చివరికి ఒక రాజీగా ముగిసింది. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో 12 మంది సభ్యులతో ఏర్పడిన సంయుక్త సంఘం పదేళ్లలో కనీసం 1.2 లక్షల కోట్ల డాలర్ల లోటు తగ్గించే మార్గం చూపాలి. చూపలేకపోతే ఖర్చుల కోత దానంతటదే అమలవుతుంది. ఈ కోతనే సీక్వెస్ట్రేషన్ అంటున్నారు. అందులో సగం రక్షణ శాఖ మీద, సగం ఇతర శాఖల మీద పడేట్టు రాయడంలో ఉద్దేశం, ఇంత దారుణమైన కోతను ఏ పార్టీ జరగనివ్వదనే నమ్మకమే. నవంబరులో సంఘం చేతులెత్తేసింది. 2013 జనవరి 2న మొదలు కావలసిన కోతను రెండు నెలలు వాయిదా వేశారు తప్ప రద్దు చేయలేదు. మార్చి 1న అధ్యక్షుడు ఒబామా ఉత్తర్వుపై సంతకం చేయక తప్పలేదు. అంతకు మూడు రోజుల ముందే ఆయన మన ఊరికి ఎదురుగా నీళ్లకు అవతల ఉన్న న్యూపోర్ట్ న్యూస్ నౌకా నిర్మాణ కేంద్రానికి వచ్చి, ఈ కోత ఎందుకు కూడదో కార్మికుల ఎదుట చెప్పి వెళ్లారు.

ఈ ఏడాది మొత్తం కోత సుమారు 8,500 కోట్ల డాలర్లు. అందులో సగం రక్షణ శాఖది. అమెరికా సైన్యం ఖర్చుతో పోలిస్తే ఇది భరించలేని మొత్తమేమీ కాదని నాతో వాదించినవారు ఉన్నారు. అప్పు తగ్గించవద్దని నేను అనను, సైన్యంలో దుబారా లేదని అంతకన్నా అనను. నా అభ్యంతరమంతా కోసిన పద్ధతి మీదనే. రక్షణ శాఖలో మినహాయింపు లేని ప్రతి పద్దులోను దాదాపు 7.8 శాతం కోయాలని లెక్క తేలింది. ఏది అవసరం, ఏది అనవసరం అని ఎంచే అధికారం అధికారులకు లేదు. నెల ఖర్చు తగ్గించుకోమని మాకు చెప్పి, గ్యాసులోను, ఉప్పులోను, దుకాణం అద్దెలోను ఒకే వంతున తగ్గించాలని షరతు పెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1నే మొదలైంది. మార్చిలో వచ్చిన కోతను మిగిలిన ఏడు నెలల్లోనే సర్దవలసి వచ్చింది. సైనికుల జీతాలను అధ్యక్షుడు ముందే మినహాయించారు. అది న్యాయమే కాని, ఆ భారం కూడా మిగతా పద్దుల మీదకు వచ్చింది. అలా ఎక్కువ దెబ్బ తిన్నది ఓడల మరమ్మతు, విమానాలు ఎగిరే గంటలు, శిక్షణ, సివిలియన్ ఉద్యోగుల జీతాలు కలిసి ఉండే నిర్వహణ పద్దు. అఫ్గానిస్తాన్ యుద్ధంలో అనుకున్నదానికన్నా ఎక్కువైన ఖర్చును కూడా ఇందులో నుంచే పూడ్చవలసి వచ్చింది. ఏప్రిల్‌లో వైమానిక దళం తన యుద్ధ విమానాల్లో దాదాపు మూడో వంతును నేల మీదే నిలిపేయడం, నౌకాదళ విన్యాస బృందం బ్లూ ఏంజెల్స్ ప్రదర్శనలు రద్దు కావడం ఇందువల్లే.

మన ఊళ్లో ఇది ముందుగా తెలిసింది హ్యారీ ట్రూమన్ విమాన వాహక నౌక విషయంలో. ఫిబ్రవరి మొదట్లో ఆ నౌకలో పనిచేసే మన తెలుగు అబ్బాయి ఒకరు తల్లితో కలిసి మా దుకాణానికి వచ్చారు. పర్షియన్ సింధుశాఖకు ఎనిమిది నెలల ప్రయాణానికని కందిపొడి, కరివేపాకు పొడి, మాగాయ తీసుకొని, మూతలు ఊడకుండా ప్రతి డబ్బాకూ మా చేతే టేపు చుట్టించుకున్నారు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 6న, ప్రయాణం వాయిదా పడిందని ప్రకటన వచ్చింది. అప్పటికే అద్దె ఇళ్లు ఖాళీ చేసినవారు, కార్లు అమ్ముకున్నవారు ఆ ఓడలో ఎందరో ఉన్నారు. చివరకు నౌక జూలై 22న కదిలింది. ఆ అబ్బాయి అంతకు ముందు వారం వచ్చి అవే పొడులు మళ్లీ కొన్నారు. మొదటివి రేవులో ఉండగానే ఖాళీ అయ్యాయట. అబ్రహాం లింకన్ నౌక కథా ఇలాంటిదే. న్యూపోర్ట్ న్యూస్‌లో దాని అణు ఇంధనం మార్చి పూర్తిగా మరమ్మతు చేసే పని డబ్బు లేక ఆగిపోయి, మార్చి 26న కొత్త కేటాయింపుల చట్టం వచ్చిన రెండు రోజులకు గాని అది యార్డుకు చేరలేదు. ఇలాంటి పనుల మీద ఆధారపడిన కాంట్రాక్టు కంపెనీల్లోని మన ఇంజనీర్లకు ఫర్లో ఉత్తర్వులేమీ రావు. కాంట్రాక్టు పొడిగింపే రాకుండా పోతుంది. మా దగ్గర నెలసరి ఖాతా మూసుకొని వేరే రాష్ట్రాలకు వెళ్లినవారిలో ఇటువంటివారే ఎక్కువ.

పోర్ట్స్‌మత్‌లో ఉన్న నార్‌ఫోక్ నౌకాదళ షిప్‌యార్డు కస్టమర్ల ఫిర్యాదు వేరు. షిప్‌యార్డు సిబ్బందికి ఫర్లో మినహాయింపు ఉంది. వారు శుక్రవారం కూడా పనికి వెళ్తున్నారు, భోజనం మాత్రం లేదు. వారి కోపం సబబే. కొద్ది డబ్బాల కోసం అన్నం, పప్పు, రెండు కూరలు వండితే మిగిలినది పారబోయవలసి వస్తున్నందున ఆపేశాము. గురువారం సాయంత్రంలోగా ఫోన్ చేసినవారికి పులిహోర, పెరుగన్నం కట్టి ఉంచుతున్నాము. స్థావరాల్లోని కమిసరీలు, అంటే సైనిక కుటుంబాల కోసం నడిపే సరుకుల దుకాణాలు, కూడా ఫర్లో వల్ల వారానికి ఒక రోజు అదనంగా మూస్తున్నారు కదా, మీకు అమ్మకం పెరిగిందా అని కొందరు అడిగారు. అక్కడ పాలు, గుడ్లు కొనేవారు ఆ ఒక్క రోజు కోసం సోనా మసూరి బస్తా కొనరండి.

ఇంత జరిగినా ధరలు పెంచలేదు, పనివారిలో ఎవరినీ తీసేయలేదు. కాని వారి పనిగంటలు తగ్గించాము. న్యూజెర్సీ నుంచి వచ్చే ట్రక్కులో తాజా కూరగాయల ఆర్డరు తగ్గించాము. గురువారం నాటికి బెండకాయ, దొండకాయ కనిపించకపోవడానికి కారణం అదే.

ఆగస్టు 6న రక్షణ మంత్రి చక్ హేగెల్ ఫర్లోను 11 రోజుల నుంచి 6 రోజులకు కుదించారు. వారానికి ఒకటి చొప్పున జూలై 8 నుంచి లెక్క వేస్తే ఈ నెల 16తో అవి పూర్తవుతాయి. అందుచేత ఆగస్టు 23 నుంచి శుక్రవారం భోజనం మళ్లీ ఉంటుంది. పనిగంటలు, కూరగాయల ఆర్డరు మాత్రం అక్టోబరు దాకా పెంచబోము. ఫర్లో ముగిసినా చట్టం అలాగే ఉంది. దాని పరిమితులు 2021 వరకు సాగుతాయి. చట్టం మారకపోతే వచ్చే ఆర్థిక సంవత్సరంలో రక్షణ బడ్జెట్‌లో 5,200 కోట్ల డాలర్లు తగ్గించవలసి ఉంటుందని హేగెల్ గత నెలలోనే సెనేట్‌కు రాశారు. ఆ సంవత్సరానికి కేటాయింపుల బిల్లు ఒక్కటి కూడా ఇంకా చట్టం కాలేదు. ఈ స్థితిలో దసరాకు ఎంత సరుకు తెప్పించాలో కూడా నేను ఇప్పుడు చెప్పలేను.

ఆగస్టు 16 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కాబట్టి ఆ రోజు ఉదయం 7 గంటలకే తెరుస్తాము. పూర్ణాలు, పులిహోర, గారెలు కావలసినవారు బుధవారంలోగా చెప్పండి. సెప్టెంబరు 9 వినాయక చవితి ఉండ్రాళ్లకు, మట్టి విగ్రహాలకు ఆర్డర్లు ఇప్పటి నుంచే తీసుకుంటున్నాము. ఫర్లోలో ఉన్నవారు తమ నెలసరి ఖాతా బాకీని సెప్టెంబరు చివరిలోగా ఎప్పుడైనా, ఎన్ని విడతలుగానైనా కట్టవచ్చు. కౌంటరు దగ్గర ఎవరికీ వివరణ ఇవ్వనవసరం లేదు.