ముసురు పట్టిన రోజుల్లో ఆ పిట్టల్ని లేపకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి వాయుగుండం రోజుల్లో కాకినాడలో కుంభాభిషేకం అని పిలిచే తీరం దగ్గర పక్షులు గుంపుగా ఎగురుతున్న ఫొటో మీ జిల్లా పేజీలో చూశాను. కింద ‘ముసురులో కనువిందు’ అని రాశారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. అవి సంబరంతో ఎగరలేదు. లేపితే లేచాయి.

నేను జంతుశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. చలికాలం వచ్చిందంటే మా మేనల్లుణ్ని తోడు తీసుకుని తీరం వెంట పిట్టల్ని చూడటానికి వెళ్తుంటాను. ఆ రోజు ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక, పడవలు కదల్లేదు కనుక సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దీవి మాటే లేదు. ఉప్పాడ రోడ్డు మీదికి కెరటాలు విరుచుకుపడుతున్నాయంటే కుంభాభిషేకం వైపు వెళ్లాం. బైనాక్యులర్స్ అద్దాలు తుడిచేలోపు మళ్లీ జల్లు. పోటు నీటికి బురదంతా మునిగిపోయి, మిగిలిన కాస్త ఇసుక మెరక మీద వందలాది పిట్టలు కిక్కిరిసి ఉన్నాయి. అన్నీ గాలికి ఎదురుగానే తిరిగి నిలబడ్డాయి. వీపు పెడితే ఈకలు లేచి వాన ఒంట్లోకి దిగుతుంది మరి. బురదలో మేసే ఉల్లంకి పిట్టలు ఒంటికాలి మీద, ముక్కు వీపు ఈకల్లో దాచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఇండియన్ స్కిమ్మర్లు. నారింజ రంగు ముక్కు, కొస పసుపు, కింది ముక్కు పైదానికంటే పొడుగు. దాంతో నీటిని కోస్తూ ఎగిరి చేపను పట్టడం దాని పద్ధతి. కెరటాలు ఎగసిపడే రోజున అది సాగదు, పస్తే. చంబల్, మహానది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పక్షి ప్రపంచంలోనే అరుదైపోయి అంతరించే ప్రమాదంలో ఉంది.

ఇంతలో రెండు బైకుల మీద కుర్రాళ్లు వచ్చి డ్రోన్ లేపారు. గుంపంతా లేచింది, మళ్లీ వాలింది, మళ్లీ లేపారు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మాత్రం, ‘పొద్దున్నుంచీ వాటికి మేత లేదండి, లేపకండి బాబూ’ అని అరిచాడు. ఎవరూ వినలేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఉల్లంకి పిట్టలకు తిండి దొరికేది నీరు వెనక్కి తీసే పాటు సమయంలో బయటపడే బురదలోనే. సముద్రం మీంచి గాలి తోస్తుంటే నీరు వెనక్కి తీయదు, బురద తేలదు. బాతుల్లా నీళ్ల మీద తేలుతూ విశ్రాంతి తీసుకోవడం వీటికి చేతకాదు. ఎగిరిన ప్రతిసారీ ఒంట్లో కొవ్వు ఖర్చవుతుంది. వేసవికి ముందు టిబెట్‌కో సైబీరియాకో తిరిగి వెళ్లాల్సిన పిట్టలకు ఆ కొవ్వే దారిబత్తెం.

కోరంగి మడ అడవులు 1978లోనే అభయారణ్యమయ్యాయి. అక్కడ టికెట్టు, చెక్క వంతెన, సిబ్బంది అన్నీ ఉన్నాయి. కుంభాభిషేకం దగ్గర మాత్రం ఎవరైనా బండి వేసుకుని నీటి అంచుదాకా వెళ్లిపోవచ్చు. అక్టోబరు నుంచి మార్చి వరకు పోటు వేళల్లో ఆ మెరక వైపు బండ్లు, డ్రోన్లు రాకుండా అటవీ శాఖవారు చూడాలి. తెలుగులో ఒక బోర్డు పెట్టి, కాపలాకు అక్కడి మత్స్యకార యువకులనే జీతమిచ్చి పెట్టుకోవాలి. పిట్టలు ఎప్పుడు ఎక్కడ వాలతాయో వాళ్లకు తెలిసినంత నాకూ తెలియదు.

మీకూ ఒక విన్నపం. రోజూ సూర్యోదయం, రాహుకాలం వేస్తున్న చోటే కాకినాడ పోటు పాటు వేళలు కూడా వేయండి. వేటకు వెళ్లేవారికీ పనికొస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జగన్నాథపురం, కాకినాడ